యంత్రము ఆనవాలు పట్టుట ఎట్లు నేర్చినది?

నెల్లూరు తీరమున తెప్పపై వేటకు పోవు మత్స్యకారుడు నీటి రంగును బట్టి లోతును గ్రహించును. ఒడ్డున సన్నని గీతవలె కనబడు సరుగుడు తోపును, ఇసుక దిబ్బను చూచి తన రేవును పోల్చుకొనును. ఎట్లు పోల్చితివని అడిగినచో, “చూస్తే తెలియదా!” అని నవ్వును. చూచినంతనే తెలియుట మనుష్యులకు సహజము. యంత్రమునకు తెలిసినవి అంకెలు మాత్రమే. కనుక వస్తువును కొద్దిపాటి అంకెలుగా మార్చి, ఆ అంకెలను బట్టి అది ఏ జాతికి చెందినదో యంత్రముచే నిర్ణయింపజేయవలెను. దీనినే ఆకృతి గుర్తింపు అందురు. మన దేశమున ఈ శాస్త్రము తొలి అడుగులు వేయుచున్న దినములలో దానికి ఓనమాలుగా ఉపకరించిన వస్తువులలో మన తెలుగు అచ్చులు, తెలుగు అక్షరములు కూడ ఉన్నవి.

కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1959 నాటి పార్లమెంటు చట్టము వలన పట్టములనిచ్చు అధికారము పొందిన సంస్థ. అచ్చట శంకర్ కె. పాల్, ద్విజేశ్ దత్తా మజుందార్ అనువారు 1977లో ప్రకటించిన పరిశోధనకు తెలుగు ధ్వనులను ఎన్నుకొనిరి. 30 మొదలు 35 సంవత్సరముల వయస్సుగల ముగ్గురు పురుషులు పలికిన 871 ధ్వనులు, ఆరు రకముల అచ్చులు. ఇదియే వారి సామగ్రి.

అచ్చును అంకెలుగా మార్చుట ఎట్లు? నోరు ఒక గాలి గది. నాలుక, పెదవులు కదలినపుడెల్ల ఆ గది ఆకారము మారును. దానితో అందు అనునాదము పొందు పౌనఃపున్యములు కూడ మారును. పురుష కంఠమున “ఇ” పలికినపుడు మొదటి అనునాదము సెకనుకు సుమారు 300 కంపనములు, రెండవది 2000కు పైబడి ఉండును. “ఉ” పలికినపుడు మొదటిది ఇంచుమించు అంతే. రెండవది మాత్రము వెయ్యికి లోబడి పోవును. విద్యార్థులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. గొంతు కలుపక, గుసగుసగా “ఇ” అని, వెంటనే “ఉ” అనవలెను. ఏదో ఒక స్వరము దిగజారినట్లు స్పష్టముగా వినబడును. స్వరతంత్రులు పలుకుటలేదు గదా. దిగినది నోటి అనునాదమే!

ఈ రెండు అంకెలను గ్రాఫు కాగితముపై గుర్తించినచో ఒక్కొక్క ధ్వని ఒక్కొక్క చుక్క అగును. ఒకే అచ్చు చుక్కలు ఒకచోట గుమిగూడును. (పై పరిశోధకులు మూడవ అనునాదమును కూడ తీసికొనిరి.) చిక్కు ఎచ్చటనగా, ఈ గుంపులు విడివిడిగా నిలువవు. “ఇ” గుంపు అంచు “ఎ” గుంపులోనికి, “ఉ” గుంపు అంచు “ఒ” లోనికి చొచ్చుకొనిపోవును. గట్టు వేసినట్లు గీత గీయుట సాధ్యము కాదు. ఇట్టి సందిగ్ధమునకై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లోట్ఫీ జాదే 1965లో ఒక గణితమును ప్రతిపాదించి యుండెను. ఒక వస్తువు ఒక సమితికి పూర్తిగా చెందుటయో చెందకుండుటయో గాక, కొంతమేరకు చెందవచ్చునని ఆయన భావము. ఈ ధ్వనియందు “ఇ”తనము 0.7, “ఎ”తనము 0.4 అని చెప్పవచ్చునన్నమాట. దీనినే కలకత్తావారు తెలుగు అచ్చులకు అన్వయించిరి. ఆ 871 ధ్వనులు తరువాత దశాబ్దముల పాటు క్రొత్త పద్ధతులకు ఒరగల్లుగా పనిచేసినవి.

అదే 1977లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన రాజశేఖరన్, బి. ఎల్. దీక్షితులు అచ్చువేసిన తెలుగు అక్షరములను యంత్రముచే చదివింప యత్నించిరి. గీత వెంబడి పోవుచు, అక్షరమునకు చేరిన అవయవములను ముందు పట్టి, మూలాక్షరమును విడదీయుట వారి మార్గము. ద, ధల భేదము చిన్న గీతలో ఉన్నది. ఒత్తులు, గుణింతములు చేరినచో రూపములు సుమారు 10,000! 2001లో హైదరాబాదు విశ్వవిద్యాలయమువారు అక్షరమును అతుకులేని ముక్కలుగా చూచి ఈ లెక్కను 370కి కుదించి, సుమారు 92 శాతము సరిగా చదివించిరి. కుదింపు మెచ్చదగినదే. కాని నూటికి ఎనిమిది తప్పులున్న పుటను ఏ ఉపాధ్యాయుడును ఎర్రసిరా లేకుండ వదలడు.

దీక్షితులుగారు తరువాత హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థకు డైరెక్టరు అయిరి. ఉపగ్రహ చిత్రమును చదువుట కూడ ఈ విద్యయే. ఇందు మన తీరమునకు పాలున్నది. 1983 ఏప్రిల్ 17న శ్రీహరికోట నుండి (2022 వరకు అది నెల్లూరు జిల్లాలోనిది) ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 41.5 కిలోగ్రాముల రోహిణి ఉపగ్రహమును పైకి చేర్చినది. దానిలోని కెమెరా కంటికి కనబడు వెలుగులోను, పరారుణములోను చూచును. నీరు పరారుణమును మ్రింగివేయును. పచ్చని పైరు ఎరుపును మ్రింగి, పరారుణమును మిక్కుటముగా తిప్పికొట్టును. మేఘము రెంటిని తిప్పికొట్టును. బీడునేల రెంటిని మధ్యస్థముగా. అనగా ఇచ్చటను రెండంకెలే! పులికాటు నీరు, వరిచేలు, దిబ్బలు గ్రాఫుపై వేర్వేరు గుంపులగును.

ఈ నిర్ణయమును భూమిపై చేయరాదా? చేయవచ్చును. కాని ఉపగ్రహము ఒక భూకేంద్రమునకు కనబడునది ప్రతి పర్యాయమున కొద్ది నిమిషములే. ఆ ఇరుకు దారిలో మేఘముల చిత్రములనే పంపినచో పనికివచ్చు కబురు వెనుకబడును. అందువలన నీరు, పైరు, నేల, మేఘములను ఉపగ్రహమే పోల్చుకొను నేర్పును ఆ కెమెరాకు కల్పించిరి. దానినుండి 2,500కు పైగా చిత్రములు అందినవి. 1984 సెప్టెంబరులో దాని పని ముగించిరి. 1990 ఏప్రిల్‌లో అది తిరిగి వాతావరణమున ప్రవేశించినది.