బ్రాగడోషియో: అర్థం, పుట్టుక, వాడుక

బ్రాగడోషియో అంటే నలుగురిలో గొంతు పెంచి చెప్పుకునే గొప్పలు. చేతల్లో లేని శౌర్యాన్ని మాటల్లో చూపడం. మనకు దగ్గరి మాటలు ప్రగల్భాలు, బడాయి, బీరాలు, కోతలు. ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లలు ఈ మాటకు అర్థం అడిగితే, ఒక్క ముక్కలో తేల్చేయకుండా దాని వెనుక ఉన్న కథ కూడా చెప్పవచ్చు.

పలికే తీరు: చివర కొందరు ‘షియో’ అంటారు, కొందరు ‘చియో’ అంటారు. రెండూ చెల్లుతాయి. రాసేటప్పుడు మధ్యలో రెండు ‘జి’లు, చివర సి, ఐ, ఓ.

పుట్టుక: ఇంగ్లీషు కవి ఎడ్మండ్ స్పెన్సర్ ‘ది ఫేరీ క్వీన్’ కావ్యంలో మొదటి మూడు భాగాలు 1590లో వెలువడ్డాయి. అందులో ఒక పాత్ర పేరు ఇది. గొప్పలు చెప్పుకోవడమనే అర్థమున్న ‘బ్రాగ్’కు ఇటాలియన్‌లా వినిపించే తోక తగిలించి కవి ఆ పేరు పెట్టాడు. ఆ పాత్ర మరో వీరుడి గుర్రాన్ని, ఈటెను దొంగిలించి, తానే మహావీరుడినని తిరుగుతాడు. అడవిలో కొమ్ముబూర మోత వినగానే పొదలో దూరతాడు. 1596లో వచ్చిన తరువాతి భాగాల్లో దొంగతనం బయటపడి నవ్వులపాలవుతాడు.

మన పోలిక: ఈ కథ వింటే ఉత్తర కుమారుడు గుర్తు రాక మానడు. విరాటపర్వంలో, సారథి ఒక్కడు దొరికితే చాలు కౌరవులందరినీ ఓడిస్తానని అంతఃపుర స్త్రీల ముందు పలికి, తీరా సైన్యాన్ని చూడగానే రథం దిగి పరుగెత్తాడు. అక్కడ పాత్ర పేరే మామూలు మాట అయింది, ఇక్కడ ‘ఉత్తర కుమార ప్రగల్భాలు’ జాతీయమైంది. ఒక తేడా ఉంది. ఉత్తరుడు తరువాత అర్జునుడికి సారథ్యం చేశాడు. తండ్రి పొగడబోతే, గెలిచింది తాను కాదని ఒప్పుకున్నాడు. జాతీయంలో ఈ రెండో సగం మిగల్లేదు.

వాడుక: ఇంగ్లీషులో ‘బోస్ట్’ అన్నది ఒక్కోసారి మంచికీ వాడతారు. ఊరికి మంచి చెరువు ఉందని చెప్పడానికీ అది పనికొస్తుంది. బ్రాగడోషియో అలా కాదు, అందులో ఎప్పుడూ ఎత్తిపొడుపు ఉంటుంది. ‘బ్లస్టర్’ అంటే గొప్పలతో పాటు బెదిరింపు కూడా. ఎన్నికల ప్రసంగాలు, కుస్తీ, బాక్సింగ్ వార్తల్లో, ర్యాప్ పాటల గురించిన రాతల్లో ఈ మాట ఎక్కువగా కనిపిస్తుంది. ‘ఎంప్టీ బ్రాగడోషియో’ అంటే వట్టి కోతలు.

ఇరుగుపొరుగు మాటలు: కన్నడంలోనూ బడాయి ఉంది. మరాఠీలో బఢాయి, ఒడియాలో బడేఇ అంటారు. తమిళంలో జంబం, కన్నడంలో జంబ అనేవి మన డంబానికి చుట్టాలు, మూలం సంస్కృత దంభం. ప్రగల్భం మాత్రం సంస్కృతంలో ధైర్యం, నేర్పు అనే మంచి అర్థంలోనూ ఉంది. తెలుగులో మాత్రం నిందగానే వినిపిస్తుంది.

సంఘం కార్యదర్శిగా ఉగాది సభల్లో మైకు ముందు తెలుగు గొప్పదనం నేనూ చాలాసార్లు చాటాను. ఒక ఏడాది సభ ముగిశాక మా మనవడు ఆహ్వానపత్రం నా చేతికిచ్చి, “తాతయ్యా, ఇందులో ఏం రాశారో చదివి చెప్పు” అన్నాడు. ఆ రోజు ఈ ఇంగ్లీషు మాట నాకే తగిలింది. అప్పటినుంచి సాయంత్రాలు వాడి పక్కన కూర్చుని పది పంక్తులు చదివిస్తున్నాను. ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నాడు.