విశ్రాంతి దినము

పల్లెలో సేద్యపుపని సూర్యునితో మొదలై సూర్యునితో ముగియును. వానకాలమంతయు నడుము వంచిన రైతు పంట ఇల్లు చేరిన పిదప కొంత సేదదీరును. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కొంకణమునుండి బొంబాయి నూలుమిల్లులకు వచ్చిన రైతుబిడ్డలకు ఈ క్రమము తప్పిపోయెను. యంత్రమునకు అలసట లేదు. దానిముందు నిలిచిన మనిషికి కలదు.

1881 నాటి ఫ్యాక్టరీ చట్టము పిల్లల పనిని దినమునకు 9 గంటలకు పరిమితము చేసెనే గాని, పెద్దల పనికి హద్దు పెట్టలేదు. 1884లో, 'దీనబంధు' పత్రికా సంపాదకుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే పూనికతో 5,500 మంది కార్మికులు ఒక వినతిపత్రముపై సంతకములు చేసిరి. వారి కోరికలు చిన్నవి: వారమునకొక సెలవు, మధ్యాహ్నము అరగంట విరామము, పొద్దు గ్రుంకుటతో పనికి ముగింపు. 1890 ఏప్రిల్‌లో పదివేలమంది కూడిన సభలో ఇద్దరు స్త్రీలు సైతము మాటలాడిరి. ఆ జూన్ 10వ తేదీన మిల్లు యజమానులు వారపు సెలవునకు అంగీకరించిరి. మరుసటి సంవత్సరము అది చట్టమున చేరెను.

అయినను పగటిపనికి హద్దు రాలేదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున మిల్లులలో విద్యుద్దీపములు వెలిగిన పిదప సూర్యాస్తమయము సైతము పనిని ఆపజాలకపోయెను. నేతమిల్లులలో పురుషులకు దినమునకు 12 గంటల పరిమితి 1911లో గాని ఏర్పడలేదు. వారమునకు 48 గంటల నియమము 1946లో వచ్చెను.

నేడు ఆదివారమును పంచాంగమిచ్చిన కానుకగా భావించుట సహజము. కాని దానిని అడిగి తెచ్చినవారు పగలెల్ల నూలుధూళి పీల్చిన మనుష్యులు. పరుల ఇండ్లలో పనిచేయు స్త్రీలలో పెక్కుమందికి ఆ దినము ఇంకను దక్కవలసియే యున్నది.