అర్షద్ షేక్ (పారా సైక్లిస్ట్)

అర్షద్ షేక్ నంద్యాలకు చెందిన పారా సైక్లిస్ట్. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మహారాష్ట్రకు చెందిన జ్యోతి గడేరియాతో కలిసి బరిలోకి దిగాడు. పారాలింపిక్స్‌లో భారత్ తరఫున సైకిల్ తొక్కిన మొదటి ఇద్దరూ వీళ్లే. సైక్లింగ్ పారాలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. అంటే మనవాళ్లు అక్కడ ప్రారంభ గీత దగ్గర నిలబడటానికి నలభై ఏళ్లు పట్టింది.

రోడ్డు ప్రమాదంలో ఒక కాలు కోల్పోయిన అర్షద్, హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్‌లో శిక్షణ పొంది పోటీ సైక్లిస్ట్ అయ్యాడు. ఆ ఫౌండేషన్ వెనక కూడా ఒక సైక్లిస్టే ఉన్నాడు. 2006లో బైక్ ప్రమాదంలో కాలు పోయిన ఆదిత్య మెహతా, 2013 ఆసియా పారా సైక్లింగ్ చాంపియన్‌షిప్‌లో రెండు రజత పతకాలు గెలిచాడు. తర్వాత తనలాంటి వాళ్లకు సైకిళ్లు, కృత్రిమ అవయవాలు, శిక్షణ అందించే పని భుజాన వేసుకున్నాడు. రోడ్డు మీద మామూలు సైకిల్ తొక్కడం వేరు, పోటీ సైకిల్ వేరు. రెండో దానికి డబ్బు, కోచ్, కృత్రిమ కాలు అమర్చే నిపుణుడు, ఈ మూడూ ఒకేచోట దొరకాలి. అర్షద్‌కు హైదరాబాద్‌లో అవి దొరికాయి.

పారా సైక్లింగ్‌లో సైకిల్ రకాన్ని బట్టి నాలుగు విభాగాలున్నాయి. చేతులతో తిప్పేది హెచ్, మూడు చక్రాలది టి, చూపులేనివారు మరొకరితో కలిసి తొక్కే జంట సైకిల్ బి, మామూలు రెండు చక్రాలది సి. ‘సి’లో మళ్లీ ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు. అంకె తగ్గేకొద్దీ వైకల్యం ఎక్కువ. అర్షద్‌ది సి2. మోకాలి పైన ఒక కాలు తీసేసినవారు సాధారణంగా ఇందులోకే వస్తారు. పక్షవాతంతో ఒక వైపు బలం తగ్గినవారు కూడా ఈ తరగతిలో ఉంటారు. ఫ్రాన్స్ దిగ్గజం అలెగ్జాండర్ లెయోటే అలాంటివాడే. పారిస్‌లో సి2 పర్స్యూట్ (ట్రాక్ మీద జరిగే పోటీ) స్వర్ణం అతనిదే.

ఒంటికాలితో తొక్కడమంటే ఏమిటో ట్రాక్ సైకిల్ మీద బాగా తెలుస్తుంది. దానికి బ్రేకులుండవు, గేర్లు మార్చే వీలుండదు, ఫ్రీవీల్ కూడా ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. రెండు కాళ్లూ ఉన్నవారికి ఒక కాలు కిందికి తొక్కుతుంటే రెండోది పైకొస్తుంది, బలం ఎక్కడా తెగదు. ఒక్క కాలే ఉన్నప్పుడు పెడల్ అడుగుకు చేరాక దాన్ని మళ్లీ పైకి తెచ్చేదీ అదే కాలు. బూటు అడుగున ఉండే క్లీట్ పెడల్‌లో బిగుసుకుని ఉంటుంది కనుక పాదాన్ని వెనక్కి ఈడ్చి పైకి లాగాలి. నడుము ఒక పక్కకు ఒరిగిపోకుండా పొట్ట కండరాలు, చేతులు బిగపట్టాలి. అన్నిటికన్నా కష్టం బయలుదేరే క్షణం. కదలని సైకిల్‌ను ఒక్క కాలి తోపుతో వేగం అందుకునేలా చేయాలి.

ఇదంతా తెలిస్తేనే పారిస్ ఫలితాలను సరిగ్గా చదవగలం. 250 మీటర్ల చెక్క ట్రాక్ మీద 12 రౌండ్లు తిరిగే 3,000 మీటర్ల పర్స్యూట్‌లో అర్షద్ 9వ స్థానంలో నిలిచాడు. సి1, సి2, సి3 మూడు తరగతులకూ కలిపి పెట్టిన 1,000 మీటర్ల టైమ్ ట్రయల్‌లో 17వ వాడు. ఇలాంటి ఉమ్మడి పోటీలో వైకల్యం ఎక్కువున్నవారి సమయాన్ని ఒక గుణకంతో సవరించాకే స్థానాలు నిర్ణయిస్తారు. క్లిషీ-సూ-బ్వాలో జరిగిన రోడ్డు టైమ్ ట్రయల్‌లో 11వ స్థానం. పతకాల వేటలో వెనకబడ్డాడన్నది నిజమే. కానీ కొన్నేళ్లుగా చెక్క ట్రాకుల మీదే పెరిగిన యూరప్ ఆటగాళ్ల మధ్య, ఈ ఆటలో పాత అడుగుజాడలేవీ లేని దేశం నుంచి వెళ్లి సాధించిన స్థానాలివి. వాటిని చిన్నవిగా చూడటం అన్యాయం.

ట్రాక్ కొరత అసలు సమస్య. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో కట్టిన ఇందిరాగాంధీ స్టేడియం వెలోడ్రోమ్‌లో పైకప్పు కింద చెక్క ట్రాక్ ఉంది. తెలుగునాట చెప్పుకోదగ్గది 2002 జాతీయ క్రీడల నాటి ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలోడ్రోమ్. అది ఆరుబయట కాంక్రీటు ట్రాక్. ఉదాహరణకు, హనుమకొండ–కరీంనగర్ దారిలోని హసన్‌పర్తి కుర్రాడెవరైనా ట్రాక్ సైక్లింగ్ నేర్చుకోవాలంటే దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు వెళ్లాలి. అదే పరుగు పందెమైతే హనుమకొండలోనే మైదానం ఉంది. అదే పారిస్ క్రీడల్లో, మేధో వైకల్యం ఉన్నవారి టి20 విభాగం 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన జీవంజి దీప్తిది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. ఊళ్లో ప్రతిభకు కొదవలేదని ఆమె ఇప్పటికే చూపించింది.

హసన్‌పర్తి చుట్టుపక్కల కాలో చెయ్యో దెబ్బతిన్న పిల్లలున్న తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ పింఛనుకూ బస్ పాసుకూ పనికొస్తుంది గానీ ఆటలో తరగతిని నిర్ణయించదు. దానికి క్రీడా వర్గీకరణ నిపుణులు విడిగా పరీక్షిస్తారు. పిల్లవాడు సైకిల్ అడిగితే వద్దనకండి. జిల్లా క్రీడాధికారిని కలిసి ఆ పరీక్ష ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో అడగండి.