కపిల తొండం నుంచి గని బూటు దాకా

పోయిన నెల మా అక్క కొడుకు ఫోన్ చేసినాడు. పశ్చిమ కనుమల్లో ఒక సొరంగం పనిలో చేరినాడు. "మామా, ఇక్కడ పొద్దస్తమానం మడమ లోతు నీళ్ళు, కింద పగిలిన రాళ్ళు. ఏ బూట్లు తీసుకోవాల?" అని అడిగినాడు. కేజీఎఫ్‌లో పుట్టినవాడిని బూట్ల సంగతి అడిగితే ఒక ముక్కలో తేలుతుందా? ఆ రోజు వాడికి కావలసినంత వరకు చెప్పి పెట్టేసినాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను, అందులో మన ఇంటి కథ కూడా ఉంది కాబట్టి.

మన పెద్దవాళ్ళది పలమనేరు పక్క పల్లె. కోలారు గనులను జాన్ టేలర్ కంపెనీ 1880లో చేతిలోకి తీసుకుంది. 1894లో బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా రైలు పడింది. ఆ బౌరింగ్‌పేటే ఇప్పటి బంగారుపేట. వానలు పడని ఒక ఏడు మా ముత్తాత ఆ దారిన గనికొచ్చినాడు. అంతకుముందు ఆయన చేసిన పని కపిల తోలడం. ఇప్పటి పిల్లలకు కపిల తెలీదు. బావి గట్టున ఏటవాలు బాటలో ఎద్దులు కిందికి దిగుతుంటే మోకు లాగి బాన పైకొస్తుంది, బాన అడుగున ఉండే తోలు తొండం తెరుచుకుని నీళ్ళు కాలువలో పడతాయి. ఆ తొండం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళలో మునిగి తేలుతూనే ఉంటుంది, మధ్యలో ఎండకు ఎండుతుంది. తోలుకు అంతకన్నా కష్టమైన పని లేదు.

ఆ తోలును తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును పెట్టేవారు. మంచి తోలే, కానీ నిత్యం నీళ్ళలో నానితే చెక్క రసం కొంచెం కొంచెంగా బయటికి కారిపోతుంది. ఎండినప్పుడు పెళుసెక్కుతుంది, కుట్ల దగ్గర చీకిపోతుంది. ఆముదం పట్టించి పట్టించి వాడుకునేవారు.

ఆ తొండం కుట్టిచ్చిన మాదిగ పెద్దాయన మా వీధిలోకొచ్చేటప్పుడు చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని నడిచేవాడంట. ఊరికంతా చెప్పులు కుట్టే మనిషి! అవ్వ ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. మన వంశవృక్షం రాసుకునేటప్పుడు ఎన్ని ఎకరాలుండేవో రాస్తాం, ఇది రాయం. అందుకే రాస్తున్నాను. ఆయన కొడుకు కూడా మా ముత్తాత వెనకాలే గనికొచ్చినాడని ఇంట్లో చెప్పుకునేవారు.

ఇక తోలు చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం. మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఉండేవాడు. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో అల్యూమినియం గిన్నెల పని మొదలుపెట్టించింది ఆయనే. 1903 ప్రాంతంలో ఆయన క్రోమ్ పదును మీద పడినాడు. చెక్క బదులు క్రోమియం లవణాలతో తోలును పదును పెట్టడం అప్పటికి కొత్త విద్య. మనవాళ్ళకు దాన్ని ఎందుకు చేసి చూపించినాడనుకుంటారు? దొరల బూట్ల కోసమని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు, ముందు కపిల కోసమే. తమిళంలో కవలై అంటారు. నీళ్ళలో నానినా క్రోమ్ తోలు చీకదు, చెక్క తోలు కన్నా ఎక్కువకాలం మన్నుతుంది, రైతుకు లాభం, ఇదీ ఆయన లెక్క. చెక్క తోలు 80 డిగ్రీల వేడి నీళ్ళ దగ్గర ముడుచుకుపోతుంది. సరిగ్గా పదునెక్కిన క్రోమ్ తోలు మరిగే నీళ్ళను కూడా తట్టుకుంటుంది. చెప్పులు, బూట్లు ఆ వెనకొచ్చినాయి. ప్రభుత్వం వ్యాపారం చేయకూడదని 1910లో లండన్ నుంచి మార్లే ఉత్తర్వు రావడంతో ఆ క్రోమ్ కర్మాగారం రీవా సంస్థానానికి పోయింది. మద్రాసు పక్కన పల్లావరం దగ్గర చేంబర్స్ దొర పెట్టిన క్రోమ్ లెదర్ కంపెనీ పేరు మీదే ఈరోజు క్రోమ్‌పేట ఉంది. చాటర్టన్ తరువాత మైసూరు సంస్థానానికొచ్చి పరిశ్రమల శాఖ చూసినాడు.

తంగేడు తోలు మాత్రం ఓడిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం బూట్ల పైభాగాలకు మద్రాసు రాష్ట్రపు చెక్క తోలునే ప్రభుత్వం పెద్ద ఎత్తున కొనింది. అదే యుద్ధంలో కందకాల్లో నీళ్ళు నిలిచి సిపాయిల కాళ్ళు పాసిపోతుంటే ఎడింబరోలోని నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీ పన్నెండు లక్షల జతలకు దగ్గరగా రబ్బరు బూట్లు చేసి పంపింది. మనం గమ్‌బూట్లు అంటున్నవి అవే.

గనిలో కాళ్ళ సంగతికొస్తాను. పాత కేజీఎఫ్ ఫోటోలు చూడండి. దొర కాలికి మోకాళ్ళ దాకా బూట్లు, పక్కన నిలబడిన మనవాళ్ళకు నడుము గుడ్డ, తలపాగా, వట్టి కాళ్ళు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి కిందికి పోయింది. అంత లోతులో రాయే 60 డిగ్రీల పైన కాగుతుంటుంది. డ్రిల్లు కొట్టేటప్పుడు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా నీళ్ళు చల్లుతారు. చెమట ఒకటి, ఆ నీళ్ళు ఒకటి, కింద కత్తుల్లాంటి క్వార్ట్జ్ ముక్కలు. మా తాత కాళ్ళు నేను చూసినాను. వేళ్ళ సందులు ఎప్పుడూ తెల్లగా పాసి ఉండేవి, కుడికాలి బొటనవేలికి గోరు లేదు. అడిగితే "రాయి తీసుకుంది" అనేవాడు, అంతే.

1961 లోహ గనుల నిబంధనల్లో కాళ్ళకు రక్షణ బూట్లు లేకుండా గనిలోకి పోకూడదని రాసినారు. మా తాత తొలిసారి బూట్లు తీసుకోవడానికి వరసలో నిలబడితే ఆయన ముందు నిలబడింది ఆ తొండం కుట్టిన పెద్దాయన మనవడంట. ఇద్దరికీ ఒకే సైజు వచ్చింది. దీన్ని తాత నవ్వుతూ చెప్పేవాడు. ఆయన ఎందుకు నవ్వేవాడో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు.

ఇక మా అల్లుడి ప్రశ్నకు జవాబు. నీళ్ళలోనే నిలబడి చేసే పనైతే ఉక్కు ముందు టోపీ, ఉక్కు అడుగు రేకు ఉన్న గమ్‌బూట్లే మేలు. తోలు బూట్లకు మడమ దాటిన నీళ్ళను ఆపే శక్తి లేదు, పైనుంచే దిగుతాయి. కానీ గమ్‌బూటు నీళ్ళను లోపలికి రానీకపోగా చెమటను బయటికి కూడా పోనీయదు. ఎనిమిది గంటల తర్వాత లోపల కాలు మళ్ళీ నీళ్ళలోనే ఉంటుంది. అందుకని మేజోళ్ళు రెండు జతలు పెట్టుకుని మధ్యాహ్నం ఒకసారి మార్చాల. నూలువి వద్దు, తడిస్తే అట్లే ఉండిపోతాయి. ఉన్ని కలిసినవి మేలు. నీళ్ళు వస్తూ పోతూ ఉండే చోట, రాళ్ళెక్కి దిగే చోట చీలమండ కప్పే క్రోమ్ తోలు బూట్లు మంచివి.

కొనేటప్పుడు సాయంత్రం పో, కాళ్ళు ఉబ్బి ఉంటాయి. పనికి వేసుకునే మేజోళ్ళతోనే తొడిగి చూడు. వేలు ఉక్కు టోపీకి తగలకూడదు, మడమ లోపల లేవకూడదు. ఇప్పటి ప్రమాణం ప్రకారం ఆ టోపీ 200 జౌళ్ళ దెబ్బకు ఆగాల. అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినట్టు. ఐఎస్ఐ గుర్తు చూడు. అడుగు భాగం దగ్గర నేను ఒకసారి మోసపోయినాను. ఒక అంగట్లో తక్కువకు వస్తున్నాయని కొన్నాను. చూడటానికి కొత్తవే, రెండో వారానికే అడుగు పొడిపొడిగా రాలిపోయింది. పాలియురేతేన్ అడుగు వాడకపోయినా డబ్బాలోనే తేమకు చెడుతుంది. అందుకే తయారైన నెల, సంవత్సరం చూడకుండా కొనొద్దు. వేడి, నూనె ఉన్నచోట నైట్రైల్ రబ్బరు అడుగు ఎక్కువ ఆగుతుంది. తడిసిన తోలు బూటును పొయ్యి దగ్గర పెట్టొద్దు, లోపల పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టు. వీలైతే రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వేసుకో.

ఆ క్రోమ్ తోలు ఎక్కడ తయారవుతుందో కూడా వాడికి చెప్పినాను. కేజీఎఫ్ తాగిన నీళ్ళు బేతమంగళ చెరువువి, అది పాలారు మీద కట్టింది. అదే పాలారు కుప్పం పక్కగా దిగి వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట దాకా పోతుంది. అక్కడి తోళ్ళ శుద్ధి కర్మాగారాల మురుగు కలిసి ఆ నది, పక్క బావులు చెడిపోయినాయని వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మనకు పైన తాగునీళ్ళు ఇచ్చిన నదే మన బూట్ల మురుగును కింద మోసింది. మద్రాసు తోలు పరిశోధన సంస్థను చాలా ఏళ్ళు నడిపిన మన యలవర్తి నాయుడమ్మగారు తోలు పనివాళ్ళ బతుకు గురించి పట్టించుకున్న మనిషి. ఈ నదికి మాత్రం ఆ పట్టింపు ఆలస్యంగా దక్కింది.

నిన్న రాత్రి అల్లుడు ఫోటో పంపినాడు. ఉక్కు టోపీ గమ్‌బూట్లు తీసుకున్నాడు, ఒక సైజు పెద్దవి. ఉన్ని మేజోళ్ళు ఊళ్ళో దొరకలేదంట, బెంగళూరు నుంచి పంపమన్నాడు.