పెరటి పంట – సీసాలో నిల్వ

పెరటిలోని కాయగూరలు కాపునకు వచ్చినపుడు ఒక్కమారుగా వచ్చును. ఇంటివారు తిని, ఇరుగుపొరుగులకు పంచినను మిగులును. కాపు ఉడిగిన పిమ్మట మరల సంతకు పోవలసినదే. కావున తన కూర తానే పండించుకొనదలచినవాడు తోటపనితో పాటు నిల్వచేయు విద్యను గూడ నేర్వవలెను. మన యిండ్లలో ఈ విద్య ఊరగాయగా పెరిగినది. ఐరోపా, అమెరికా ఖండములలో మూత బిగించిన సీసాగా పెరిగినది. ఆ సీసా చరిత్రలో ఒక విశేషమున్నది. చేయు విధము ముందు తెలిసినది. అది ఏల పనిచేయుచున్నదో నూరు సంవత్సరములకు గాని పూర్తిగా తెలియలేదు. ఈ రెంటి నడుమ పలువురు ప్రాణములు కోల్పోయిరి.

ఫ్రాన్సు దేశమున నికొలా అపేర్ అను మిఠాయి వర్తకుడు 1795 ప్రాంతమున ప్రయోగములు మొదలుపెట్టెను. ఆయన కూరలను, పండ్లను, మాంసమును గాజుసీసాలలో నింపి, బిరడా బిగించి, తీగతో కట్టి, మరుగు నీటిలో చాలసేపు ఉంచెడివాడు. అట్టి ఆహారము నెలల తరబడి చెడలేదు. పద్ధతిని దాచక పుస్తకముగా ప్రకటింపవలెనను నియమముతో ఫ్రెంచి ప్రభుత్వము 1810లో ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమానమిచ్చెను. ఆ యేడే పుస్తకము వెలువడినది. 1858లో అమెరికాలో జాన్ మేసన్ మరమూత గల సీసాకు పేటెంటు పొందెను. దానితో ఈ విద్య కార్ఖానా నుండి సామాన్యుల వంటింటికి వచ్చినది.

ఆహారము చెడకుండుటకు కారణమేమి? ఆ కాలపు ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు గే-లుసాక్ సీసాలోని గాలిని పరీక్షించెను. అందులో ఆమ్లజని, అనగా ఆక్సిజన్, కనిపింపలేదు. ఆమ్లజని లేకపోవుటయే నిల్వకు కారణమని ఆయన తలచెను. 1860 తరువాత పాశ్చర్ పరిశోధనల వలన నిజము తేటపడినది. ఆహారమును చెడగొట్టునవి సూక్ష్మజీవులు. వానిని చంపినది వేడి. మరల లోనికి రానీయనిది మూత.

కాని గాలి లేని చోటనే వృద్ధిపొందు సూక్ష్మజీవి యొకటి కలదు! 1895లో బెల్జియములోని ఎల్లెజెల్ గ్రామమున, ఉప్పునీట నిల్వచేసిన పందిమాంసము తిని కొందరు వాద్యకారులు జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి. వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసము నుండి ఈ సూక్ష్మజీవిని వేరుచేసెను. నేడు దీనిని క్లాస్ట్రిడియం బొట్యులినం అందురు. దీని ఆవాసము మన్ను. కావున తోటకూరల వెంట వంటింటికి రాగలదు. దీని సిద్ధబీజములు మరుగు నీటిలోను చావకపోవచ్చును. గాలి లేని సీసాలో అవి మొలకెత్తి ఘోరమైన విషమును తయారుచేయును. గే-లుసాక్ రక్షణ యని తలచిన పరిస్థితియే దీనికి అనుకూలము!

1917లో అమెరికా యుద్ధమున దిగినపుడు పెరళ్ళలో కూరలు పండించుడనియు, మిగిలినవి సీసాలలో దాచుడనియు ప్రచారము సాగినది. లక్షల కుటుంబములు ఈ పనికి పూనుకొనెను. అందరికిని తెలిసిన పద్ధతి మరుగు నీటిదే. యుద్ధానంతరమును ఈ అలవాటు నిలిచినది. 1924లో ఆరెగన్ రాష్ట్రపు ఆల్బనీలో, ఇంట నిల్వచేసిన చిక్కుడుకాయలు తిని పండ్రెండుగురు మరణించిరి.

కారణము అప్పటికే తెలియవచ్చుచుండెను. 1922లో ఎస్టీ, మేయర్ అను శాస్త్రజ్ఞులు ఈ సిద్ధబీజములు 100 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఐదు గంటలకు పైగా బ్రతుకగలవనియు, 121 డిగ్రీల వద్ద సుమారు మూడు నిమిషములలో నశించుననియు చూపిరి. నీరు తెరచిన పాత్రలో 100 డిగ్రీలను మించదు. ఆవిరిని పీడనములో బంధించిననే మించును. పులుపు మరియొక రక్షణ. ఆమ్లతను తెలుపు పి.హెచ్. విలువ 4.6 కు మించనిచో ఈ సూక్ష్మజీవి పెరుగజాలదు. కావున పుల్లని పండ్లకు మరుగు నీరు చాలును. చిక్కుడు, బెండ, బఠాణీలకు పీడనము గల ఆవిరి తప్పదు.

రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా ప్రజలు ఈ పాఠముతో తోటలకు మరలిరి. సుమారు రెండు కోట్ల పెరటి తోటలు లేచినవని అంచనా. పీడనపాత్ర లేనివారు సామూహిక కేంద్రములకు పోయి తమ కూరలను నిల్వచేసికొనిరి.

మన ఆవకాయను కాపాడునది ప్రధానముగా మామిడి పులుపు, ఉప్పు. పెద్దలు పి.హెచ్. ఎరుగకున్నను, పాళ్ళు ఎరుగుదురు. ఆ పాళ్ళను తగ్గించుట గాని, పులుపు లేని కూరను నూనె పోసి మూతపెట్టి నెలల తరబడి ఉంచుట గాని అపాయకరము. ఉపాధ్యాయులు తరగతిలో చింతపండు పులుసున నీలి లిట్మస్ కాగితమును ముంచి చూపవచ్చును, అది ఎఱ్ఱబారును. కాని లిట్మస్ పులుపున్నదని చెప్పునే గాని, అది చాలునో చాలదో చెప్పజాలదని కూడ విద్యార్థులకు తెలుపవలెను. సొంత చేతితో చేసికొన్న ఆహారము మేలైనదే. కొలత తెలిసి చేసికొన్నప్పుడే అది క్షేమమైనది.