నిజాంపట్నం పంచ్ నుంచి నేరేడు సోడా దాకా

చిలకలూరిపేటలో ఇప్పుడు ఏ జ్యూస్ పాయింట్ ముందు నిలబడ్డా బోర్డు మీద మొజిటో కనిపిస్తుంది. నీలంది ఒకటి, ఎర్రది ఒకటి, ఆకుపచ్చది ఒకటి. పుదీనా, నిమ్మచెక్క, ఐస్, సోడా అన్నిట్లోనూ ఉంటాయి. పండు పేరు మాత్రం వాళ్ళు పోసే సిరప్‌ను బట్టి మారుతుంది. స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు దిగిన కుర్రాళ్ళు, గుంటూరు యార్డులో మిర్చి అమ్ముకుని తిరిగొస్తున్న రైతులు, హైవే పక్కన కారు ఆపుకున్న ప్రయాణికులు అందరూ తాగుతున్నారు. ఇది నిన్న మొన్న విదేశాల నుంచి దిగిన సరదా అని చాలామంది అనుకుంటారు. కానీ దీని చరిత్ర తవ్వుకుంటూ పోతే క్యూబా, అమెరికా, లండన్ దాటి చివరికి పేటకు తూర్పున ఉన్న మన నిజాంపట్నం తీరానికే వచ్చి చేరతాం.

పానకం, పన్నీరు

తీపికి ఘాటు జోడించి చల్లగా తాగడం ఈ నేలకు పాత అలవాటు. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం లేకుండా శ్రీరామనవమి లేదు. ఇదే హైవే మీద గుంటూరు దాటి వెళ్తే వచ్చే మంగళగిరిలో పానకాల నరసింహస్వామికి నైవేద్యమే పానకం. భక్తులు పోసిన దాంట్లో సగం స్వామి పుచ్చుకుని, మిగతా సగం ప్రసాదంగా తిరిగి ఇస్తాడని నమ్మకం. ఎండదెబ్బకు నీళ్ళొక్కటే చాలవనీ, వాటికి తీపీ సుగంధమూ తోడవ్వాలనీ మన పూర్వీకులు ఎప్పుడో తెలుసుకున్నారు.

సువాసనలు సముద్రం మీద నుంచి కూడా వచ్చేవి. పేటకు దక్షిణాన, చీరాల దగ్గరున్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు జప్తు చేసుకునే పద్ధతి ఇక ఉండదనీ, సుంకం మాత్రమే వసూలు చేస్తామనీ వర్తకులకు మాట ఇచ్చాడు. సుంకం కట్టాల్సిన సరుకుల్లో గంధం, కర్పూరం, ముత్యాలు, మిరియాలతో పాటు పన్నీరు కూడా ఉంది. పర్షియా, అరబ్బు దేశాల్లో పన్నీటిని చక్కెర పాకంలో కలిపి చల్లని పానీయాలు చేసేవారు. ఆ పానీయమే పడమటి దేశాలకు వెళ్ళి జులెప్ అయింది. తర్వాత అమెరికాలోని వర్జీనియా వాళ్ళు పన్నీరు తీసేసి, పుదీనా నలిపి, అందులో మద్యం పోశారు. ఇక మన వైపు చూస్తే, 1579 ప్రాంతంలో కొండవీడు గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చాక, ఆ పర్షియా రుచులకు ఇక్కడ మరింత ఆదరణ దొరికింది.

1632: ఒక ఉత్తరం

1611లో గ్లోబ్ అనే ఇంగ్లిషు ఓడ మన తీరానికి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు పెటపోలి అని రాసుకున్న రేవులో, అంటే ఇప్పటి నిజాంపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఇక్కడి నూలు బట్టల కోసమే వాళ్ళు అంతదూరం వచ్చారు.

1632 సెప్టెంబర్ 28న రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ ఉద్యోగి, ఆ పెటపోలిలో ఉన్న కాలీ అనే వర్తకుడికి ఒక ఉత్తరం రాశాడు. నీకు మంచి తోడు దొరికినందుకు సంతోషం, అందరూ కలిసిమెలిసి ఉండండి అని క్షేమం అడుగుతూనే, పంచ్ తాగడం గురించి కూడా ప్రస్తావించాడు. ఇంగ్లిషులో పంచ్ అనే పానీయం గురించి మనకు తెలిసిన తొలి రాత అదే. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్ళు, మసాలా దినుసు, ఈ ఐదూ కలిపితే పంచ్. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న బీరు, ద్రాక్షసారాయం ఇక్కడి ఎండలకు పాడైపోయేవి. అందుకని ఇక్కడ దొరికే సారానే, ఇక్కడి నిమ్మకాయతో, ఇక్కడి చక్కెరతో తాగే తీరుకు తెచ్చుకున్నారు.

ఆ పంచ్ ఓడలెక్కి లండన్ చేరింది. అక్కడి నుంచి అమెరికా వలసలకు వెళ్ళింది. మద్యం, చక్కెర, నీళ్ళు, చేదు కషాయం కలిపిందే కాక్‌టెయిల్ అని 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణం పత్రిక ఒకటి తొలిసారి నిర్వచించింది. 1862లో జెర్రీ థామస్ అచ్చు వేసిన పుస్తకం బార్లలో పనిచేసేవాళ్ళకు తొలి పాఠ్యగ్రంథం. అందులో మొదట వచ్చేవి పంచ్‌లే. క్యూబాలో రమ్, చక్కెర, నిమ్మ, పుదీనా, సోడా కలిపి మొజిటో చేశారు. దానికి ఏదో ఒక బెర్రీ పండు చేరిస్తే ఇప్పుడు ప్రపంచమంతా తాగుతున్న బెర్రీ మింట్ కాక్‌టెయిల్. పులుపు, తీపి, నీళ్ళు, సుగంధం అన్న చట్రం మాత్రం మన తీరంలో కాలీ తాగిన పంచ్‌దే.

గోలీ వచ్చిన వైనం

ఇక మొజిటోలో పోసే సోడా సంగతి. నీళ్ళలోకి గాలి ఎక్కించే కిటుకును 1767లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ కనిపెట్టాడు. బీరు తయారుచేసే తొట్టి మీద పేరుకునే వాయువు నీళ్ళలో కరుగుతుందని గమనించాడు. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారం చేశాడు. చిక్కంతా మూత దగ్గరే వచ్చింది. బిరడా ఎండితే గ్యాస్ జారిపోయేది. 1870ల మొదట్లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లిషు ఇంజనీరు సీసా మెడలో గాజుగోలీ పెట్టి ఆ చిక్కు విప్పాడు.

ఆ సీసాను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మూతి లోపల రబ్బరు రింగు, మెడ దగ్గర నొక్కు, ఆ నొక్కు మీద ఆడే గోలీ. సీసాను తలకిందులు చేసి సోడా నింపుతారు. నిండగానే గోలీ మూతిలోకి జారుతుంది, లోపలి గ్యాస్ దాన్ని రబ్బరుకు గట్టిగా అదిమిపెడుతుంది. బయట నుంచి మూత అక్కర్లేదు, లోపలి ఒత్తిడే మూత. చెక్క ఓపెనర్‌తో అదిమితే కీచుమని గోలీ లోపలికి పడి, సోడా బుస్సుమంటుంది. వంపేటప్పుడు మెడలోని గంట్లున్న వైపు కిందికి పెట్టాలి. అప్పుడు గోలీ ఆ గంట్లలో ఆగి దారికి అడ్డం రాదు. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు లాగి అలసిన గొంతులకు ఎన్నో ఏళ్ళు ఊరటనిచ్చింది ఈ గోలీ సోడానే.

మనవాళ్ళు దీన్ని తాగి ఊరుకోలేదు, సొంతంగా తయారు చేయడమూ నేర్చారు. 1919లో గోదావరి సీమలోని రామచంద్రపురంలో అడ్డూరి రామచంద్రరాజు మొదలుపెట్టిన సోడా వ్యాపారమే తర్వాత ఆర్టోస్ అయింది. పెద్ద కంపెనీలు వచ్చినా, పోయినా ఆ పానీయం నిలబడింది. 1977లో కోకాకోలా దేశం వదిలి వెళ్ళింది, 1993లో తిరిగొచ్చింది. పల్లెల్లో గోలీ సోడా వెనకబడింది ఆ తర్వాతి కాలంలోనే. ఈ మధ్య మళ్ళీ రంగురంగుల రుచులతో దుకాణాల్లోకి వస్తోంది.

ఐస్ కూడా ఓడల మీదే వచ్చింది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికాలోని చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోయించి, బోస్టన్ నుంచి కలకత్తాకు పంపాడు. దాన్ని దాచడానికి మద్రాసు సముద్రపొడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే. అప్పుడు గుంటూరు సీమ మద్రాసు ప్రెసిడెన్సీలోదే అయినా, ఆ మంచు రుచి దొరలకూ దొడ్డవాళ్ళకూ మాత్రమే తెలుసు.

మన బెర్రీ నేరేడు

స్ట్రాబెర్రీ కోసం లంబసింగి దాకా, బ్లూబెర్రీ కోసం సూపర్ మార్కెట్ ఫ్రిజ్ దాకా వెళ్ళనక్కర్లేదు. తొలకరికి ముందు, తర్వాత కొన్ని వారాలు పేట వీధుల్లో తోపుడు బళ్ళ మీద నేరేడు రాశులు పోసి ఉంటాయి. జంబూద్వీపానికి పేరిచ్చిన చెట్టు ఇది. 1911లో అమెరికా వ్యవసాయ శాఖ దీన్ని ఫ్లోరిడాకు తీసుకెళ్ళి నాటింది. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళతో మన నల్లరేగడికి వచ్చింది, మన నేరేడు అటు వెళ్ళింది.

నేరేడు తింటే నాలుక పిడచకట్టినట్టు అవుతుంది. అందులోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకోవడమే కారణం. చిటికెడు ఉప్పు వేస్తే ఆ వగరు తగ్గి తీపి పైకి తేలుతుంది. బండివాడు పళ్ళ మీద ఉప్పు చల్లి, గిన్నెలో ఎగరేసి ఇచ్చేది అందుకే. రంగు ఆంథోసయనిన్లది. ముదురు ఊదా రసంలో నిమ్మకాయ పిండి చూడండి. చుక్కలు పడినచోట పడినట్టే ఊదా విరిగి, మాణిక్యం ఎరుపు తేలుతుంది. పులుపు తగిలితే ఆ రంగు ఎరుపుకు తిరుగుతుంది.

పుదీనా సంగతి మరీ ముచ్చటైనది. మిరపలోని క్యాప్సైసిన్ నోటిలో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తడుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. మెంథాల్ చలిని పసిగట్టే గ్రాహకాన్ని తడుతుందని 2002లో జూలియస్, ఆర్డెమ్ పటాపౌటియన్ ఎవరికి వారుగా తేల్చారు. 2021లో వైద్యంలో నోబెల్ బహుమతి ఆ ఇద్దరికే దక్కింది. గుంటూరు మిర్చి మంట, పుదీనా చలువ రెండూ ఒకే బహుమతిలో ఉన్నాయన్నమాట. మన పెరటి పుదీనాలో మెంథాల్ తక్కువ, కార్వోన్ అనే సుగంధ ద్రవ్యం ఎక్కువ. అందుకే అది మెంథాల్ బిళ్ళలా నోటిని జిల్లుమనిపించదు, నెమ్మదిగా సువాసన విప్పుతుంది.

ఇంట్లో చేసే పద్ధతి

నలుగురికి పావుకిలో నేరేడుపళ్ళు, ఇరవై పుదీనా ఆకులు, రెండు నిమ్మకాయలు, నాలుగు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు, చిటికెడు నల్ల ఉప్పు, ఐస్, చల్లటి సోడా చాలు. తెనాలి నిమ్మకాయ దొరికితే మరీ మంచిది.

పళ్ళు బాగా పండి, మెత్తగా ఉండాలి. రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, ఉప్పు వేసి గాజు గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో చేత్తో పిసకాలి. రాగి, ఇత్తడి గిన్నెలు వాడొద్దు, పులుపుకు చిలుమెక్కుతాయి. గింజలతో కలిపి మిక్సీ పట్టొద్దు, గింజ నలిగితే చేదు దిగుతుంది. గుజ్జు వదిలాక గింజలు ఏరేసి, చక్కెర కలిపి పావుగంట పక్కన పెట్టాలి. ఆలోపు చక్కెర కరిగి రసం ఊరుతుంది.

పుదీనాను రోట్లో రెండు పోట్లు పొడిస్తే చాలు. ముద్దగా నూరితే పచ్చివాసన వచ్చి చేదెక్కుతుంది. ఆకు నలిగితే పైనున్న నూనె తిత్తులు పగిలి వాసన బయటికి వస్తుంది, కావాల్సింది అంతే. నలిగిన ఆకు గ్లాసు అడుగున వేసి, దాని మీద నేరేడు గుజ్జు, నిమ్మరసం, నల్ల ఉప్పు, ఐస్ వేయాలి. సోడా ఆఖరున, గ్లాసు అంచు వెంట పోయాలి. చల్లటి నీళ్ళలోనే గ్యాస్ ఎక్కువసేపు నిలుస్తుంది, కాబట్టి సోడానూ గుజ్జునూ ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఒక్కసారే కిందినుంచి పైకి కలపాలి, ఎక్కువ తిప్పితే పొంగు పోతుంది. మిర్చి సీమ వాళ్ళం కాబట్టి నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి వేసుకుంటే రుచి ఇంకా నిలబడుతుంది.

నేరేడు కాలం చిన్నది. మిగతా రోజుల్లో నల్లద్రాక్ష వాడుకోవచ్చు, వృక్షశాస్త్రం లెక్కలో ద్రాక్ష కూడా అసలైన బెర్రీయే. వానాకాలంలో వాక్కాయ దొరికితే నిమ్మకాయ తగ్గించాలి, దానికున్న పులుపే సరిపోతుంది. నేరేడు షుగరుకు మంచిదన్న నమ్మకంతో మందులు మానేయకూడదు, ఇందులో చక్కెర కూడా ఉందని మర్చిపోకూడదు.

ఇందులో మద్యం ఎందుకు లేదని అడిగేవాళ్ళకు ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించడంతో రాష్ట్రమంతా ఉద్యమం రేగింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. చట్టం మారినా, ఆ ఆడవాళ్ళు పడ్డ బాధ అబద్ధం కాదు. ఇంట్లో అమ్మమ్మ నుంచి మనవడి దాకా ఒకే కుండలోంచి పోసుకుని తాగగలిగే పానీయమే ఇంటి పానీయం. పంచ్ నుంచి సారా తీసేస్తే అది మన పానకానికి మరింత దగ్గరవుతుంది, రుచి ఏమాత్రం తగ్గదు.

రంగు సిరప్ పోసిన గ్లాసులో పండు పేరు ఉంటుంది గానీ పండు ఉండదు. ఈ జూన్‌లో ఆ డబ్బుతో బండి మీది నేరేడు పావుకిలో కొనండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని పిసకనివ్వండి, నిమ్మకాయ వాళ్ళ చేతే పిండించండి. ఏరేసిన గింజలు పారేయకుండా తడి మట్టిలో వేయండి. నేరేడు గింజ తాజాగా ఉన్నప్పుడే మొలుస్తుంది, ఎండబెట్టి దాస్తే మొలవదు. పొలం గట్టునో బడి ఆవరణలోనో ఒక్క మొక్క బతికినా, మీ తర్వాతివాళ్ళు పళ్ళు కొనుక్కోవాల్సిన అవసరం ఉండదు.