ఆవిరి స్నానమా, నడకా? – రక్తపోటు చికిత్స చరిత్రలో ఒక పోలిక

అధిక రక్తపోటు తగ్గడానికి ఆవిరి పట్టడం మంచిదా, చురుకుగా నడవడం మంచిదా? తునిలో ఉదయం నడకకు వచ్చినవాళ్ల మధ్య కూడా ఈ వాదం వినవచ్చు. చరిత్ర విద్యార్థులుగా మీరు అంతకు ముందు ఒక ప్రశ్న వేయాలి: తగ్గిందని ఎవరు, దేనితో కొలిచి చెప్పారు?

జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూయీ కూనే 1883లో చికిత్సాలయం తెరిచాడు. రోగాలన్నిటికీ మూలం ఒంట్లో చేరిన మాలిన్యమేనని ఆయన సిద్ధాంతం. ఆవిరితో చెమట పట్టించి, తర్వాత చన్నీటి తొట్టిలో కూర్చోబెట్టేవాడు. ఆయన గ్రంథాన్ని వెంకటచలపతి శర్మ 1894లో తెలుగు చేశారు. మన దేశంలో ప్రకృతి చికిత్సకు ఆ అనువాదమే నాంది అని ఆ రంగంవారు చెప్పుకుంటారు.

ఈ తేదీ పక్కన మరో రెండు తేదీలు రాసుకోండి. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని ఇటలీ వైద్యుడు రివా-రోచి ప్రకటించింది 1896లో. స్టెతస్కోపుతో పై అంకె, కింది అంకె గుర్తించే పద్ధతిని రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ చెప్పింది 1905లో. అంటే పుస్తకం తెలుగులోకి వచ్చేనాటికి ఈ పట్టీయే లేదు. కూనే స్నానాలతో బీపీ తగ్గుతుందనేది కూనే కొలిచి చెప్పిన మాట కాదు.

తొట్టి స్నానాన్ని గాంధీజీ గట్టిగా నమ్మారు, రోజూ నడిచారు కూడా. అయినా 1937 అక్టోబరులో ఆయన రక్తపోటు 194/130, 1940 ఫిబ్రవరిలో 220/110 అని ఆరోగ్య పత్రాల్లో నమోదైంది. కాబట్టి రెండూ వ్యర్థమే అనకండి. అవి లేకపోతే ఎంత ఉండేదో ఒక్క మనిషిని చూసి చెప్పలేం. పోల్చాలంటే రెండు గుంపులు కావాలి.

వ్యాయామానికి ఆ పోలిక ముందు దొరికింది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువని జెర్రీ మోరిస్ బృందం 1953లో చూపింది. తర్వాత రక్తపోటు మీదే ఎన్నో ప్రయోగాలు జరిగాయి. అధిక రక్తపోటు ఉన్నవారిలో నడక వంటి వ్యాయామం పై అంకెను సుమారు 8, కింది అంకెను 5 తగ్గిస్తుందని 2013 నాటి సమీక్ష తేల్చింది.

వేడి సంగతి? వారానికి నాలుగు నుంచి ఏడు సార్లు ఆవిరి గదికి వెళ్లే ఫిన్లాండ్ పురుషుల్లో అధిక రక్తపోటు తక్కువగా వచ్చిందని 2017లో ప్రకటించారు. అయితే ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే అక్కడికి ఎక్కువగా వెళ్తారేమో! 2019 నాటి న్యూజిలాండ్ ప్రయోగం ఇంకా ఆసక్తికరం: కాళ్ల రక్తనాళాలు పూడిన రోగుల్లో పన్నెండు వారాల వేడినీటి స్నానాలు పై అంకెను వ్యాయామంకంటే కొంచెం ఎక్కువే తగ్గించాయి. వేడికి రక్తనాళాలు వ్యాకోచిస్తాయి కనుక ఇది నమ్మదగినదే. కానీ అది చిన్న ప్రయోగం. సాక్ష్యాల బరువు ఇప్పటికీ నడకవైపే ఉందని నా అభిప్రాయం.

తుని మే నెల ఎండను మాత్రం చికిత్సగా లెక్కించకండి. ఆవిరి గదిలో ఉండేది కాసేపు, ఆపైన చల్లదనం. ఇక్కడి ఉక్కలో చెమట ఆరదు, తప్పించుకునే వీలూ ఉండదు. బీపీ మాత్రలు వేసుకునేవారికి చెమటతో నీరు పోతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. వాళ్లు నడవాల్సింది తెల్లవారుజామునే. ఆవిరి పట్టుకునే ముందు డాక్టరునడగాలి, మాత్ర మానకూడదు.